చూపు, వినికిడి.. ముసలితనం ఖాతాలో రాసేయవద్దు

గద్వాల/వనపర్తి/నాగర్‌కర్నూల్: సూదిలో దారం ఎక్కకపోతే వయసు మీద పడిందంటారు. పిలిచినా పలకకపోతే ముసలితనమని సరిపెట్టుకుంటారు. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుంచి 2016 అక్టోబరు 11న వేరుపడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఏ పల్లె అరుగు మీద కూర్చున్నా ఈ మాటే వినవస్తుంది. వయసుతోపాటు కంటిచూపు, వినికిడి కొంత తగ్గడం సహజమే. అయితే తగ్గడం వేరు, పోగొట్టుకోవడం వేరు. మన ప్రాంతంలో పోగొట్టుకుంటున్న దానిలో అధిక భాగం అద్దాలతోనో, చిన్నపాటి శస్త్రచికిత్సతోనో, చెవి మిషన్‌తోనో తిరిగి దక్కించుకోదగినదే కావడం గమనార్హం.

ఇది ఊహించి చెబుతున్న మాట కాదు. హైదరాబాద్‌లోని ఎల్‌.వి.ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి రాష్ట్రంలో ఒక పెద్ద సర్వే నిర్వహించింది. హైదరాబాద్ నగరంతోపాటు పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల గ్రామీణ ప్రాంతాలను అందుకు ఎంచుకున్నారు. పేద గ్రామీణ ప్రాంతానికి ప్రతినిధిగా మన జిల్లా ఆ జాబితాలోకి ఎక్కింది. మొత్తం 10,293 మందిని పరీక్షించగా నూటికి 1.84 మంది అంధత్వంతో ఉన్నట్లు తేలింది. ఆ అంధత్వానికి కారణాలు చూస్తే 44 శాతం కంటిశుక్లాలు, 16.3 శాతం సరైన అద్దాలు లేకపోవడం. అంటే చూపులేని ప్రతి 10 మందిలో ఆరుగురికి చూపు తెప్పించే మార్గం అప్పటికే వైద్యుల చేతిలో ఉన్నది. వయసు పెరిగినకొద్దీ, ఆదాయం తగ్గినకొద్దీ, స్త్రీలలోనూ, గ్రామాల్లోనూ అంధత్వం ఎక్కువగా ఉన్నదని కూడా ఆ సర్వే తేల్చింది. ఈ నాలుగు లక్షణాలూ ఒక్కచోట కలిసిన మనిషిని వెతకాలంటే మన ఊళ్లలో దూరం పోనక్కరలేదు. కూలికి పోయి బతికిన ఏ అరవై ఏళ్ల అవ్వను చూసినా చాలు.

పరిస్థితి అప్పటికంటే మెరుగుపడిన మాట వాస్తవం. 2015-19 మధ్య జరిగిన జాతీయ సర్వేలో 50 ఏళ్లు దాటిన వారిలో అంధత్వం 1.99 శాతంగా నమోదైంది. కాగా ఆ అంధత్వంలో 66.2 శాతానికి కారణం కంటిశుక్లాలే. చికిత్స దొరికే జబ్బు ఇన్నేళ్ల తరువాత కూడా మొదటి స్థానంలోనే ఉండడం శోచనీయం.

మగ్గం ముందు చత్వారం

నలభై దాటినవారిలో దాదాపు అందరికీ వచ్చేది చత్వారం. కంటిలోని కటకం వయసుతో బిగుసుకుపోయి దగ్గరి వస్తువులపై చూపును నిలపలేకపోవడమే దీనికి కారణం. ఇది రోగం కాదు. ఎవరి తప్పూ కాదు. అక్షరాలు చదివే ఉద్యోగికి ఇది చికాకు మాత్రమే. నేత కార్మికుడికి మాత్రం జీవనోపాధి సమస్య.

గద్వాల చీర సంగతే తీసుకుందాం. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ చీరకు ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. ఒంటి పేకను, అంచు పేకను వేర్వేరు నాడెలతో నడిపి, రెండూ కలిసే చోట పోగుకు పోగు మెలివేసి నేయడమే కుప్పడం నేత. తెగిన పడుగు పోగును వెతికి అతకాలన్నా, అంచులో జరీ బుటా తప్పకుండా చూడాలన్నా మూరెడు దూరంలోని వెంట్రుకంత దారం కంటికి ఆనాలి. గద్వాల, అయిజ, రాజోలిలోనూ, వనపర్తి జిల్లా అమరచింత, కొత్తకోటల్లోనూ మగ్గాన్ని నమ్ముకున్న కుటుంబాలున్నాయి. చేతికి నైపుణ్యం పూర్తిగా అబ్బిన వయసూ, చత్వారం ముదిరే వయసూ ఒకటే కావడం ఈ వృత్తికున్న ఇబ్బంది. చూపు ఆనక మగ్గం దిగి కండెలు చుట్టే పనికి మళ్లితే కూలి పడిపోతుంది. ఇంట్లో వారు దానిని వయసు ఖాతాలోనే రాస్తారు.

దగ్గరి చూపు అద్దాలు పెట్టుకుంటే పనిలో తేడా ఎంత ఉంటుందన్న దానిని ఇతర చోట్ల లెక్కగట్టి చూశారు. అస్సాం తేయాకు తోటల్లో 40 ఏళ్లు దాటిన కార్మికులకు ఉచితంగా దగ్గరి అద్దాలు ఇచ్చి పరిశీలించగా, అద్దాలు లేనివారితో పోలిస్తే వారు కోసిన ఆకు 21.7 శాతం పెరిగినట్లు 2018లో వెల్లడైంది. బంగ్లాదేశ్ గ్రామాల్లో కుట్టుపని, చేతిపనులు వంటివి చేసుకునే వారిపై జరిపిన మరో పరిశీలనలో ఎనిమిది నెలల్లో ఆదాయం 33 శాతం మేర పెరిగినట్లు 2024లో ప్రకటించారు. ఆకు కోయడంలోనే ఇంత తేడా వస్తే పోగు అతకడంలో ఎంత రావాలో నేత ఎరిగినవారు ఊహించుకోవచ్చు.

ఇక్కడ ఒక మెలకువ అవసరం. అద్దాల దుకాణంలో ఇచ్చే దగ్గరి అద్దాలు సాధారణంగా పుస్తకం చదివే దూరానికి సరిపోతాయి. మగ్గం గుంటలో కూర్చున్న వారి కంటికీ, నేసే బట్టకూ మధ్య దూరం అంతకంటే ఎక్కువగా ఉండవచ్చు. చదవడానికి బాగున్న అద్దాలు మగ్గం మీద మసకగా ఉన్నాయని పెట్టె అడుగున పడేసేది ఇందువల్లనే. పరీక్షకు వెళ్లే ముందు మగ్గం మీద కూర్చుని కంటి నుంచి బట్ట వరకు ఒక దారంతో కొలిచి, ఆ దారాన్ని జేబులో వేసుకుని వెళ్తే సరి. ఆ దూరానికి తగిన పవర్ చూసి ఇస్తారు. సంతలో, బస్టాండులో దొరికే రెడీమేడ్ అద్దాల వల్ల కళ్లు పాడవుతాయన్న భయం అక్కరలేదు. కానీ వాటికి రెండు కళ్లకూ ఒకటే పవర్ ఉంటుంది. పైగా వాటిని కొనుక్కుని ఊరుకుంటే కంటి పరీక్ష తప్పిపోతుంది. లోపల దాగిన జబ్బు బయటపడదు.

వెలుతురు విషయం కూడా చిన్నది కాదు. 20 ఏళ్ల వారి కంటి లోపలికి చేరే వెలుతురులో 60 ఏళ్ల వారికి మూడో వంతు మాత్రమే చేరుతుంది. మనవడికి సరిపోయే బల్బు తాతకు సరిపోదు. మగ్గానికైనా, బియ్యం ఏరే చాటకైనా వెలుగు పక్క నుంచి పని మీద పడాలి, కళ్లలోకి కాదు.

శుక్లం ‘పండే’ దాకా ఆగనక్కరలేదు

‘పొర ఇంకా పండలేదు, పండినాక చేయించుకోవచ్చు’ అన్న మాట పల్లెల్లో నేటికీ చెల్లుబాటవుతున్నది. మందు చుక్కలతో శుక్లం కరుగుతుందని నమ్మేవారూ ఉన్నారు. శుక్లాన్ని కరిగించే చుక్కల మందు ఇప్పటివరకు లేదు. శస్త్రచికిత్స ఒక్కటే మార్గం. పాతకాలంలో కటకం మొత్తాన్ని తీసి, కుట్లు వేసి, లావుపాటి సీసా అడుగు అద్దాలు ఇచ్చిన రోజుల్లో పండే దాకా ఆగడానికి అర్థముండేది. ఇప్పుడు చిన్న కోతతో మబ్బుపట్టిన కటకాన్ని తీసి, దాని స్థానంలో కృత్రిమ కటకాన్ని అమరుస్తున్నారు. చాలామందికి కుట్లు కూడా అవసరం పడవు. కనుక రోజువారీ పనికి చూపు అడ్డం వచ్చిన రోజే తగిన సమయం. మరీ ముదరబెడితే కటకం లోపలి పదార్థం కరిగి, కంటిలో ఒత్తిడి పెరిగి, భరించలేని నొప్పితో చూపు శాశ్వతంగా పోయే ప్రమాదమున్నది. ఎండాకాలం వద్దు, చలికాలమే మంచిదన్న పట్టింపునకు కూడా ఇప్పుడు వైద్యపరమైన ఆధారం లేదు.

అసలు అడ్డంకి వైద్యం కాదు, వెంట వచ్చే మనిషి. పురుషుడికి చూపు తగ్గితే పొలం ఆగిపోతుంది కనుక ఇల్లంతా కదులుతుంది. ఇంటి పట్టున ఉండే వృద్ధురాలికి తగ్గితే ‘ఆమెకేం పని, అలవాటైన ఇల్లే కదా’ అనుకుంటారు. కొడుకులు వలస వెళ్లిన ఇళ్లలో ఆమెను ఆస్పత్రికి తీసుకెళ్లే దిక్కే ఉండదు. ఒక కన్ను చేయించుకుని రెండోది వదిలేసేవారూ అనేకులు. ఒంటి కంటితో లోతు అంచనా తప్పి, గడప దగ్గర, మెట్ల దగ్గర పడి తుంటి విరగ్గొట్టుకుంటే ఆ ఖర్చు ముందు కంటి ఆపరేషన్ ఖర్చు ఏపాటిది?

శస్త్రచికిత్స జరిగిన కొన్ని నెలలకో, ఏళ్లకో చూపు మళ్లీ మసకబారితే ఆపరేషన్ చెడిపోయిందని ప్రచారం చేయడం కద్దు. కృత్రిమ కటకం వెనుక ఉన్న పొర మందం కావడమే సాధారణంగా దీనికి కారణం. లేజర్‌తో కొద్ది నిమిషాల్లో సరిచేస్తారు. అయితే ఆపరేషన్ అయిన కొద్ది రోజుల్లోనే నొప్పి, ఎరుపు, చూపు తగ్గడం కనిపిస్తే అది వేరు. ఆ రోజే వైద్యుడి వద్దకు వెళ్లాలి.

శుక్లం కంటే నీటికాసులు మోసకారి. నొప్పి లేకుండా, చూపు పక్కల నుంచి తరిగిపోతూ, నడిమి చూపు మాత్రం చివరిదాకా నిలుస్తుంది. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవడమే. తల్లిదండ్రులకో, తోబుట్టువులకో ఈ జబ్బుంటే నలభై దాటిన వెంటనే కంటి ఒత్తిడి పరీక్ష చేయించుకోవాలి. షుగర్ ఉన్నవారు చూపు బాగున్నా సరే, ఏడాదికొకసారి కంటి వెనుక తెరను చూపించుకోవాలి.

సేద్యం చేసేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. వరికోతల్లో, నూర్పిళ్లలో కంటికి వడ్లగింజ మొన, ఊక, ఆకు అంచు తగిలి గీత పడుతుంది. అందులో ఆకు పసరు, ఆముదం, చనుబాలు పోయడం, లేదా మందుల దుకాణంలో అడిగి స్టెరాయిడ్ కలిసిన చుక్కలు వేసుకోవడం మన వద్ద పరిపాటి. గీతలో బూజు చేరితే స్టెరాయిడ్ దానిని మరింత పెంచి నల్లగుడ్డుపై పువ్వు వేయిస్తుంది. ఎరుపు తగ్గిందని అదే సీసాను నెలల తరబడి వాడితే నీటికాసులు రావచ్చు. ఆ సీసా ఇంట్లో ఉంటే తీసి పారవేయడం మేలు.

వినబడుతుంది.. అర్థం కాదు

కంటికి జరిగినంత కృషి చెవికి జరగలేదు. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైన కంటి వెలుగు, 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలైన రెండో విడత ఊరూరా శిబిరాలు పెట్టి కళ్లజోళ్లు ఇచ్చాయి. ఆ రెండో విడత 2023లోనే ముగిసింది. ఆ శిబిరాల్లో చెవి పరీక్ష లేదు. కంటికి అద్దాలు పెట్టుకుంటే చదువుకున్న వాడంటారు, చెవికి మిషన్ పెట్టుకుంటే చెవిటివాడంటారు. ఈ చిన్నచూపు కూడా తక్కువ నష్టం చేయడం లేదు. 60 ఏళ్లు దాటిన వారిలో నలుగురిలో ఒకరికి పైగా ఇబ్బంది కలిగించే స్థాయి వినికిడి లోపం ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది.

లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సూక్ష్మమైన వెంట్రుకల వంటి కణాలుంటాయి. ఒకసారి చచ్చిపోతే అవి తిరిగి మొలవవు. వయసుతో ముందుగా దెబ్బతినేవి సన్నని, పదునైన ధ్వనులను పట్టే కణాలు. మాటలో అచ్చులు లావు ధ్వనులు, హల్లులు చాలావరకు సన్న ధ్వనులు. పాలు, కాలు, సాలు అనే మూడు మాటల్లో ‘ఆలు’ వినబడుతుంది గాని ముందున్న ప, క, స జారిపోతాయి. అందుకే ‘వినబడుతోంది, అర్థం కావడం లేదు’ అని పెద్దలు అంటారు. ఆ మాట అక్షరాలా నిజం. పాలు తెమ్మంటే మరొకటి తెచ్చిన అత్తమ్మను చూసి నవ్వుకునే కోడళ్లు, ‘తనకు కావలసింది మాత్రం వింటాడు’ అని తాతను నిందించే మనవలు ఈ సంగతి తెలుసుకోవడం అవసరం. నలుగురూ ఒకేసారి మాట్లాడే పెళ్లి పందిట్లో, టీవీ మోగే ఇంట్లో ఈ ఇబ్బంది రెట్టింపవుతుంది. గట్టిగా అరిచినా లాభముండదు. దెబ్బతిన్న చెవికి మెల్లని మాట ఆనదు, పెద్ద అరుపు బాధిస్తుంది. ఎదురుగా కూర్చుని, ముఖం కనిపించేలా, నిదానంగా, మామూలు గొంతుకంటే కొంచెం పెంచి మాట్లాడితే చాలు.

వయసు తెచ్చే నష్టానికి మోత తెచ్చే నష్టం తోడవుతున్నది. పాలమూరు కూలీల పేరు దేశమంతటా తెలిసిందే. గుంపు మేస్త్రీల వెంట ఆనకట్టలు, కాలువలు, రోడ్ల పనులకు వెళ్లి, కంప్రెషర్ డ్రిల్లింగ్ పక్కన, రాళ్లు పేల్చే చోట ఏళ్ల తరబడి పనిచేసినవారు నేడు అరవైలలో ఉన్నారు. ఇంటి పట్టున ఉన్నవారికి బియ్యం మిల్లులు, పత్తి జిన్నింగ్ మిల్లులు, ట్రాక్టర్లు. 85 డెసిబెల్స్ మోతను రోజుకు ఎనిమిది గంటల వరకే చెవి తట్టుకుంటుంది. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగానికి పడిపోతుంది. ఆ లెక్కన 100 డెసిబెల్స్‌కు 15 నిమిషాలే. పెళ్లి ఊరేగింపులో, గణేశ్ నిమజ్జనంలో డీజే బండి పక్కన నడిచేవారు ఎన్ని నిమిషాలు నడుస్తున్నారో లెక్కవేసుకోవచ్చు. మీటరు లేనివారికి సులువైన గుర్తు ఒకటుంది. చేతికందే దూరంలో ఉన్న మనిషితో అరిచి మాట్లాడవలసి వస్తే ఆ మోత చెవికి హాని చేసేదే. చెవి ప్లగ్గులు పెద్ద ఖరీదు కావు. మిల్లు యజమానులు కూలీలకు వాటిని సమకూర్చడం బాధ్యత, దయ కాదు.

చెవుడని భయపడే వారిలో కొందరికి చెవి నిండా గట్టిపడిన గుబిలి తప్ప మరేమీ ఉండదు. వైద్యుడు తీసేస్తే అక్కడికక్కడే వినబడుతుంది. అగ్గిపుల్ల, పిన్నీసు, కోడి ఈకతో కెలకడం వల్ల అది మరింత లోపలికి పోతుంది. కర్ణభేరికి చిల్లు పడవచ్చు కూడా. వెల్లుల్లి కాచిన నూనె పోయడం మానాలి. చెవి నుంచి చీము కారుతుంటే అసలే కూడదు. క్షయకు వాడే కొన్ని ఇంజెక్షన్లు, జెంటమైసిన్ వంటి మందులు వినికిడిని దెబ్బతీయగలవు కనుక అవి వాడేటప్పుడు చెవిలో హోరు మొదలైతే వెంటనే వైద్యుడికి చెప్పాలి. ఒక చెవి ఉన్నట్టుండి, రాత్రికి రాత్రి వినబడకుండా పోతే అది అత్యవసరం. కొద్ది రోజుల్లోపు చికిత్స మొదలైతేనే వినికిడి తిరిగివచ్చే అవకాశం మెండు.

చెవి మిషన్ కొనే ముందు వినికిడి పరీక్ష చేయించి, గ్రాఫు చేతికి తీసుకోవాలి. ఏ ధ్వనిలో ఎంత లోపముందో చూసి దానికి తగ్గట్టు మిషన్‌ను సరిచేస్తారు. అంగట్లో దొరికే చౌక యంత్రాలు అన్ని ధ్వనులనూ ఒకేలా పెంచడంతో గిన్నెల చప్పుడు, ఫ్యాను హోరే మాటను మింగేస్తాయి. మంచి మిషన్ కూడా మొదటి రోజే సుఖంగా ఉండదు. ఏళ్ల తరబడి నిశ్శబ్దానికి అలవాటైన మెదడు తిరిగి నేర్చుకోవడానికి వారాలు పడుతుంది. రోజుకు గంటతో, ఇంట్లో ఒక్కరితో మాట్లాడుతూ మొదలుపెట్టాలి. చెమటకు, వానకు తడవకుండా చూసుకోవాలి. మొదటి వారంలోనే విసిగి గూట్లో పెట్టేస్తే ఖర్చు వృథా.

రెండూ కలిసి తగ్గితే

వినికిడి తగ్గినవారు తెలియకుండానే ఎదుటివారి పెదవులను చూసి మాటను పోల్చుకుంటారు. శుక్లం వచ్చి పెదవులు కనబడకపోతే ఆ ఆసరా కూడా పోతుంది. శుక్లం తీయించిన తరువాత ‘మాట కూడా బాగా అర్థమవుతోంది’ అని పెద్దలు చెబితే అందులో వింత లేదు. రెండూ పోయిన మనిషి క్రమంగా రచ్చబండకు రాడు, పెళ్లికి పోడు, ఇంట్లో ఒక మూల మౌనంగా మిగిలిపోతాడు. దానిని చాదస్తమనీ, మతిమరుపనీ అంటారు. నిజంగానే మతిమరుపు జబ్బుకు దారి వేస్తుందన్న ఆధారాలు కూడా బలపడుతున్నాయి. లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో, నివారించదగిన 14 కారణాలను సరిదిద్దితే డిమెన్షియాలో 45 శాతం వరకు నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని అంచనా వేసింది. ఆ 14లో వినికిడి లోపం ఉన్నది. చికిత్స చేయించని చూపు లోపాన్ని ఆ ఏడాదే కొత్తగా చేర్చారు. అమెరికాలో మూడేళ్లు నడిచి 2023లో వెలువడిన ఒక పరిశీలనలో చెవి మిషన్లు అందరికీ తేడా చూపలేదు గాని, గుండె జబ్బు తదితర ముప్పులు ఎక్కువగా ఉన్న పెద్దల్లో మాత్రం జ్ఞాపకశక్తి, ఆలోచనా శక్తి తరుగుదల 48 శాతం నెమ్మదించింది.

ఎక్కడికి వెళ్లాలి

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లోనూ, గద్వాలలో 2024లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు ఏర్పడ్డాయి. వాటి అనుబంధ ఆస్పత్రుల్లో కంటి విభాగం, చెవి-ముక్కు-గొంతు విభాగం ఉండాలన్నది నిబంధన. నాగర్‌కర్నూల్ ప్రాంతంలోని తూడుకుర్తిలో ఎల్‌.వి.ప్రసాద్ సంస్థ గ్రామీణ నేత్ర వైద్య కేంద్రం ఉన్నది. అలంపూర్ వైపు వారికి హైదరాబాద్ కంటే కర్నూలు ప్రభుత్వ కంటి ఆస్పత్రి దగ్గర. హైదరాబాద్‌లో కంటికి మెహిదీపట్నంలోని సరోజినీదేవి ఆస్పత్రి, చెవికి కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉన్నాయి. వినికిడి పరీక్షకు, మిషన్లకు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని అలీయావర్‌జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రాన్ని సంప్రదించవచ్చు. దారిద్య్రరేఖకు దిగువన ఉన్న 60 ఏళ్లు దాటినవారికి కళ్లజోడు, చెవి మిషన్, కట్టుడు పళ్లు, చేతికర్ర వంటివి ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో మొదలైంది. శిబిరం ఎప్పుడు పెడతారో కలెక్టరేట్‌లోని వయోవృద్ధుల సంక్షేమ విభాగంలో అడగాలి. వృద్ధుల సహాయవాణి 14567కు ఫోన్ చేసి కూడా వివరాలు కోరవచ్చు.

వెళ్లేటప్పుడు పాత చీటీలు, షుగర్-బీపీ మందుల పట్టీలు, వాడుతున్న చుక్కల సీసా, ఇంట్లో ఉన్న పాత అద్దాలు ఒక సంచిలో వేసుకోవాలి. కంటి వెనుక తెర చూడడానికి పాపను పెద్దది చేసే చుక్కలు వేస్తే కొన్ని గంటలపాటు దగ్గరి చూపు మసకగా ఉంటుంది. ఎండ కళ్లలో గుచ్చుకుంటుంది. ఆ రోజు బండి నడపకూడదు కనుక వెంట ఒక మనిషి ఉండాలి. ఆ వచ్చిన మనిషికి నలభై దాటి ఉంటే, వరుసలో ఎలాగూ నిలబడ్డారు కనుక వారు కూడా ఒక చీటీ రాయించుకోవచ్చు.